అంబలి తాగడం మా అమ్మ తప్పా? విశాఖ ఎండోస్కోపీ డాక్టర్లకు, ఆరోగ్య శాఖ అధికారులకు బహిరంగ లేఖ

విశాఖపట్నంలోని గ్యాస్ట్రో ఎంటరాలజీ డాక్టర్లకు, ఎండోస్కోపీ యూనిట్లు నడిపే ఆసుపత్రుల యాజమాన్యాలకు, జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు

నమస్కారం.

మీ పని ఒత్తిడి నాకు తెలుసు. ఓపీలో ఒక్కో మనిషికి నాలుగైదు నిమిషాల కంటే ఇవ్వలేరనీ తెలుసు. కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

మొన్న వేసవిలో మా అమ్మకి కొలొనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, రాశారు. అమ్మకి 64 ఏళ్ళు, ఊరు చీపురుపల్లి దగ్గర పల్లె. షుగరుంది. రక్తం బాగా తగ్గిపోయింది, ఎక్కడ పోతోందో తెలియాలంటే పెద్దపేగు చూడాలి అన్నారు డాక్టరు గారు. సరైన సలహాయే. ఆ పరీక్ష మీద గానీ, చేసిన డాక్టరు గారి చేతి మీద గానీ నాకే ఫిర్యాదూ లేదు. నా బాధంతా పరీక్షకు ముందురోజు గురించి.

పరీక్షకి తేదీ తీసుకున్న రోజు నాకు సెలవు దొరక్క మా తమ్ముడు అమ్మని తీసుకెళ్ళాడు. కౌంటర్‌లో ఒక కాగితం, పేగు శుభ్రపడ్డానికి నీళ్ళలో కలుపుకుని తాగే పొడి ప్యాకెట్టు రాసిన చీటీ చేతిలో పెట్టి, "ఎల్లుండి ఎనిమిదింటికి వచ్చెయ్యండి. రేపు ఓన్లీ లిక్విడ్స్" అన్నారట. కాగితం మొత్తం ఇంగ్లీషు. తమ్ముడు పదో తరగతితో ఆపేసి తాపీ పనిలోకి వెళ్ళినవాడు. "లిక్విడ్స్" ఒక్క ముక్క పట్టుకుని ఊరెళ్ళిపోయారు.

లిక్విడ్స్ అంటే తాగేవే కదా. మర్నాడు అమ్మ అన్నం ముట్టలేదు. పొద్దున్న చెంబుడు చోడి (రాగి) అంబలి, మధ్యాహ్నం ఇంకో చెంబుడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఒంట్లో బాగోకపోతే తాగేది అదే. సాయంత్రం ఆ పొడి కలుపుకుని, వాంతి వచ్చేలా ఉన్నా కళ్ళు మూసుకుని తాగేసింది. రాత్రంతా పెరట్లోకీ ఇంట్లోకీ తిరిగింది. తెల్లవారుజామున బస్సెక్కి విశాఖ వచ్చింది.

లోపలికి తీసుకెళ్ళి కాసేపట్లోనే బయటికి పంపేశారు. "ఏమీ కనబడటం లేదు, క్లీన్ అవ్వలేదు, చెప్పినట్టు చెయ్యలేదు" అన్నారు. ఏం తిన్నావమ్మా అని సిస్టర్ గట్టిగా అడిగితే, అమ్మ బెదురుతూ "ఏటీ తినలేదమ్మా, అంబలే తాగేను" అంది. అక్కడున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు.

అంబలి తాగేదా తినేదా? మీరే చెప్పండి. ఉత్తరాంధ్రలో ఏ ముసలమ్మనైనా అడిగి చూడండి.

ఆసుపత్రికి ఉత్తరం రాశాను, రెండుసార్లు ఫోన్ చేశాను. "నోట్ చేసుకున్నాం మేడమ్" అన్నారు. ఒక కార్యాలయంలో అర్జీ ఇచ్చాను. రసీదు ఇచ్చారు. కొన్నాళ్ళకు అర్జీ పరిష్కారమైందని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కారమైందో అందులో లేదు. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ రాయడం లేదు. తెలిసినవాళ్ళని అడిగితే నాలుగైదు చోట్ల ఇదే కథ చెప్పారు. ఒక్కరి పేరు రాస్తే మిగతావాళ్ళు ఇది తమ సంగతి కాదనుకుంటారని నా భయం.

నేను డాక్టర్ని కాదు. రెండోసారి పరీక్షకి అమ్మని సిద్ధం చెయ్యడం కోసం నెల రోజులు చదివాను, తెలిసిన నర్సమ్మని కూర్చోబెట్టుకుని అడిగాను. నాకు అర్థమైనది ఇది.

కెమెరా ఉన్న గొట్టం పేగు గోడని చూస్తుంది. గోడ మీద మలం పూత ఉంటే కెమెరాకి మలమే కనబడుతుంది. పేగులో మొలిచే చిన్న గడ్డల్ని, అంటే పాలిప్స్‌ని, క్యాన్సర్‌గా మారకముందే పట్టుకుని, అప్పటికప్పుడు తీసెయ్యగలగడమే ఈ పరీక్ష గొప్పతనం. అవి క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా ఏళ్ళు పడుతుంది, పదేళ్ళు కూడా పట్టొచ్చు. పరీక్ష సరిగ్గా జరిగితే మనకు ఉన్నది అంత సమయం. కొన్ని పాలిప్స్ బల్లపరుపుగా, గోడలో గోడలా ఉంటాయి. పేగు అద్దంలా ఉంటే తప్ప అవి దొరకవు.

పేగు ఎంత శుభ్రమైందో కొలవడానికి మీ దగ్గర బోస్టన్ స్కేలు ఉంది. పేగుని మూడు భాగాలు చేసి, ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు వేస్తారు, మొత్తం 9. ప్రతి భాగానికీ కనీసం 2 వస్తేనే ప్యాసు. అంటే ఇది ముందురోజు ఇంట్లో రాసే పరీక్ష. ప్రశ్నపత్రం ఇంగ్లీషులో ఇచ్చారు, పాఠం ఎవరూ చెప్పలేదు, ఫెయిలయ్యావని మాత్రం నలుగురిలో అన్నారు. యూరప్‌లో ఈ వైద్యుల సంఘం 100 పరీక్షల్లో కనీసం 90 పేగు సరిగ్గా శుభ్రమైనవి అయి ఉండాలని ప్రమాణం పెట్టుకుంది. దాన్ని వాళ్ళు పెట్టుకున్నది యూనిట్లకి, రోగులకి కాదు. ఈ తేడా దయచేసి గమనించండి.

ఇక దీనివల్ల మామూలు జనానికి ఏమవుతోందో చెబుతాను.

1. డబ్బు. మొదటిసారి 5,500 కట్టాం, రెండోసారి మళ్ళీ 5,500. మందులు, బస్సులు, ఆటోలు, తమ్ముడికి పోయిన నాలుగు రోజుల కూలి, నాకు తెగిన సెలవులు కలిపితే 16 వేలు దాటింది. మొదటిసారి కట్టిన దానికి మాకు దక్కింది "ఇన్‌అడిక్వేట్ ప్రిపరేషన్, రిపీట్ అడ్వైజ్డ్" (పేగు సరిగ్గా శుభ్రపడలేదు, మళ్ళీ చేయించుకోండి) అన్న ఒక లైను.

2. జబ్బు దాక్కుంటుంది. రెండోసారి అమ్మ పేగు శుభ్రంగా ఉంది. కుడివైపు భాగంలో ఒక పాలిప్ దొరికింది, అక్కడే తీసేశారు, బయాప్సీలో భయపడాల్సిందేమీ లేదని వచ్చింది. పొడి మొత్తం ముందు సాయంత్రమే తాగేస్తే సరిగ్గా శుభ్రపడకుండా మిగిలేది ఎక్కువగా ఆ కుడివైపేనట. మొదటిసారి తర్వాత అమ్మ "మరి రాను" అని మొండికేసింది. నేను బతిమాలి తెచ్చాను. బతిమాలే కూతురు పట్నంలో లేని అమ్మల సంగతేమిటి?

3. షుగరు, గుండె మందులు. ఇది నన్ను ఎక్కువ భయపెట్టిన విషయం. రోజంతా అంబలి తప్ప తిండి లేకుండా, రోజూ వేసుకునే షుగర్ మాత్రే వేసుకుంది అమ్మ. ఆ రాత్రి చెమటలు పట్టి, చేతులు వణికి, పెరట్లో గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. తమ్ముడు చక్కెర నోట్లో వేశాడు కాబట్టి సరిపోయింది. ఇన్సులిన్ గానీ, షుగరు బాగా దించే మాత్రలు గానీ ఆ రోజు తగ్గించాలో ఆపాలో ముందే చెప్పాలి. మూత్రంలోంచి షుగరు పంపించే రకం, అంటే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి, పెద్ద పరీక్షలకీ ఆపరేషన్లకీ కొన్ని రోజుల ముందే ఆపమంటారని చదివాను. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు తమకు తాముగా ఆపినా ప్రమాదమే, అడక్కుండా వేసుకున్నా పాలిప్ తీసేటప్పుడు ఇబ్బందే. వాటిని గుండె డాక్టరుతో మాట్లాడాకే తేల్చాలి. ఐరన్ మాత్రలైతే దాదాపు వారం ముందే ఆపాలి, మలాన్ని నల్లగా, జిగురుగా చేస్తాయి. రక్తం తక్కువని ఊళ్ళో ఏఎన్ఎం ఇచ్చిన ఐరన్ మాత్ర అమ్మ పరీక్ష ముందురోజు కూడా వేసుకుంది. రక్తం తక్కువని రాసిన పరీక్ష ఇది, ఐరన్ వాడుతున్నారా అని కౌంటర్ దగ్గర ఒక్కరూ అడగలేదు.

4. కిడ్నీలు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం మన ఉత్తరాంధ్రలోనే, శ్రీకాకుళం జిల్లాలో ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస వైపు నుంచి పెద్ద వైద్యానికి వచ్చేది విశాఖకే. కిడ్నీ జబ్బు తనకుందని తెలియనివాళ్ళూ అందులో ఉంటారు. రెండు లీటర్లు తాగక్కర్లేదు, కొంచెం తాగితే చాలని సోడియం ఫాస్ఫేట్ ద్రావణం ఇస్తే అందరికీ హాయిగానే ఉంటుంది. కానీ అది కిడ్నీలను దెబ్బతీయొచ్చని అమెరికా ఔషధ సంస్థ 2008లోనే గట్టి హెచ్చరిక చేసింది. రెండు లీటర్ల నీళ్ళలో కలిపే పెగ్ (పాలీ ఇథిలీన్ గ్లైకాల్) పొడి రుచి ఘోరమే గానీ, అది ఒంట్లోకి ఇంకదు, నీటిని పేగులోనే పట్టి ఉంచి కడిగేస్తుంది, లవణాలు కూడా తూచి కలిపి ఉంటాయి. ఉత్తరాంధ్ర మనిషికి క్రియాటినిన్, అంటే కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, చూడకుండా ఫాస్ఫేట్ మందు రాయకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

5. ప్రయాణం, మరుగుదొడ్డి. పొడిని సగం ముందు సాయంత్రం, సగం పరీక్ష రోజు, రెండు విడతలుగా తాగాలి. ఉదయం 8కి పరీక్ష అంటే, రెండో విడత మందు తెల్లవారుజామున రెండు, నాలుగు గంటల మధ్య మొదలవ్వాలి. ఆ సమయానికి మావాళ్ళు బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉంటారు. విరేచనాల మందు తాగి ఆర్టీసీ బస్సులో రెండు మూడు గంటలు కూర్చోవడం ఎలాగో ఆలోచించండి. అమ్మ చీర కింద పాత గుడ్డలు కట్టుకుని వచ్చిందని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. నాకు చెప్పలేదు, తమ్ముడికి అసలే చెప్పలేదు. నేను ఉండేది కంచరపాలెంలో, రెండు పోర్షన్లకి ఒకటే లెట్రిన్. రెండోసారి అమ్మ మా ఇంట్లో ఉంది. ఆ రాత్రి పక్క పోర్షన్ వాళ్ళు వాళ్ళ బంధువులింటికి వెళ్ళి పడుకున్నారు. వాళ్ళ రుణం తీర్చుకోలేను.

6. మా ఊళ్ళో ఇంకో ఆవిడకీ ఇదే పరీక్ష రాశారు. అమ్మకి జరిగింది విని మానేసింది.

పాఠం ఎవరూ చెప్పడం లేదన్నాను. కొంచెం తప్పు. చెప్పేది మందుల షాపు కుర్రాడు. ప్యాకెట్టు సంచీలో వేస్తూ "రెండు లీటర్ల నీళ్ళలో కలిపి తాగేయండి" అంటాడు. ఈ ఊళ్ళో చాలామందికి తెలుగులో అందే సలహా ఆ ఒక్క వాక్యమే. పాపం అతను తప్పు చెప్పలేదు. కానీ రెండు లీటర్లంటే ఎన్ని గ్లాసులు? ఎంతసేపట్లో? వాంతైతే మళ్ళీ తాగాలా? అమ్మ ఇంట్లో లీటరు కొలత లేదు. పాల గిన్నెతో ఉజ్జాయింపుగా కలిపింది. కూల్‌డ్రింక్ రెండు లీటర్ల ఖాళీ సీసా పక్కింట్లో ఉంది. "ఆ సీసా నిండా" అని ఒక్క ముక్క అని ఉంటే అయిపోయేది.

రెండోసారి నేను అమ్మకి ఒక తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. మూడు రోజుల ముందు నుంచి తోటకూర, గోంగూర, బెండకాయ, వంకాయ, జామకాయ, నువ్వులు, పొట్టు పప్పులు, చోళ్ళు, గంటెలు (సజ్జలు) వద్దు. తెల్లన్నం, ఇడ్లీ, పెరుగు, గుడ్డు ఫరవాలేదు. ముందురోజు మాత్రం గ్లాసులో పోస్తే అవతల పెట్టిన వేలు కనబడే ద్రవాలే: నీళ్ళు, కొబ్బరినీళ్ళు, వడగట్టిన నిమ్మనీళ్ళు, పాలు కలపని టీ, చారు మీది తేట. ఎర్రరంగు నీళ్ళు తాగొద్దు, లోపల చూస్తే రక్తమని పొరబడతారు. అంబలి గ్లాసు అవతల వేలు కనబడదు కాబట్టి అంబలి వద్దు. ఇది చదివి అమ్మ అంది, "ఇలాగ సెప్తే నాకు తెల్దేటి?" 

పొడి సగం సాయంత్రం, సగం పరీక్షకి ఐదు గంటల ముందు. పావుగంటకో గ్లాసు. కడుపులో తిప్పితే అరగంట ఆగి మళ్ళీ. ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా తాగితే ఆ ఉప్పటి జిడ్డు రుచి కాస్త తగ్గుతుంది. పరీక్షకి రెండు గంటల ముందు నీళ్ళతో సహా అన్నీ బంద్. చివరికి వచ్చేది మూత్రంలా పసుపు నీళ్ళలా ఉండాలి, అందులో పొట్టూ పలుకులూ ఉంటే ఫోన్ చెయ్యాలి. ఈ కాగితం నాకు తెలిసిన నర్సమ్మ దిద్ది పెట్టింది. షుగరు మాత్రల సంగతి డాక్టరు గారినే మళ్ళీ అడిగి రాసుకున్నాం.

ఇందులో ఖర్చు ఏముంది? ఒక కాగితం, అరగంట. అందుకే అడుగుతున్నాను.

1. పరీక్ష రాసిన ప్రతివారికీ తెలుగు కాగితం ఇవ్వండి. ఇంగ్లీషు కాగితాన్ని తీసుకుని తెలుగు లిపిలోకి దించేసినది కాదు. "లో రెసిడ్యూ డైట్" అని తెలుగు అక్షరాల్లో రాస్తే ఎవరికి ఉపయోగం? మన ఇళ్ళలో వండుకునేవాటి పేర్లు ఉండాలి, చోడి అంబలి మొదటి వరసలో ఉండాలి. మజ్జిగ తాగొచ్చో లేదో మీరే తేల్చి రాయండి. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చే గిరిజనులకీ చదువురానివాళ్ళకీ బొమ్మలతో ఒకటి, కోరాపుట్ నుంచి వచ్చేవాళ్ళకి ఒడియాలో ఒకటి కావాలి. చివరికి నీళ్ళు ఏ రంగులో రావాలో రంగుల బొమ్మ ఒక్కటి చాలు, వంద మాటలు తప్పుతాయి.

2. తేదీ ఇచ్చేముందు ఐదు ప్రశ్నలు అడిగి కాగితం మీద రాయించండి: షుగరుందా, రక్తం పలచబడే మందు వాడుతున్నారా, ఐరన్ మాత్రలు వేసుకుంటున్నారా, కిడ్నీ జబ్బుందా, మలబద్ధకం ఉందా. ఒక్కదానికి అవునన్నా డాక్టరు గారు కనీసం రెండు నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడాలి.

3. మందు రెండు విడతలుగా తాగించండి. ఆ రోగి టైముకి తగ్గట్టు గంటలు చేత్తో రాసివ్వండి. ఉదయం 8 స్లాట్లు నగరంలో ఉండేవాళ్ళకి, మధ్యాహ్నం స్లాట్లు శ్రీకాకుళం, విజయనగరం, మన్యం వైపు వాళ్ళకి ఇవ్వండి. మరీ దూరమైతే లెట్రిన్ ఉన్న ఒక గదిలో ముందురోజు రాత్రి ఉండనివ్వండి. ఆసుపత్రి వరండాలో పడుకునే జనం, గది బాగోలేదని పేచీ పెట్టరు.

4. ముందురోజు రాత్రి తెలుగులో మాట్లాడే మనిషి ఎత్తే ఫోన్ నంబరు. ఒక్కటి చాలు.

5. పేగు శుభ్రపడకపోతే ఇంటికి తిప్పి పంపకుండా, ఒంట్లో ఓపిక ఉన్నవాళ్ళకి అక్కడే ఉంచి మరికొంత మందిచ్చి ఆ రోజో మర్నాడో చూడండి. కుదరకపోతే రెండోసారి పూర్తి ఫీజు తీసుకోకండి. కనీసం మొదటిసారి తెలుగులో చెప్పని రోగుల దగ్గరైనా.

6. అధికారులకు. ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్‌కి మన రాష్ట్రంలో 2002 నాటి చట్టం ఉంది. దాని కింద తనిఖీకి వెళ్ళినప్పుడు రోగులకు ఇచ్చే కాగితం ఏ భాషలో ఉందో చూడండి. రోగికి అర్థమయ్యే భాషలో సమాచారం పొందే హక్కు జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలోనే ఉంది, నేను కొత్తగా కనిపెట్టింది కాదు. తెలుగు ఈ రాష్ట్రానికి 1966 నుంచి చట్టప్రకారం అధికార భాష. ప్రతి కొలొనోస్కోపీ రిపోర్టులో బోస్టన్ మార్కులు రాయించండి. మూడు నెలలకోసారి ఎన్ని పరీక్షలు శుభ్రం కాక ఆగిపోయాయో ప్రతి యూనిట్ నుంచి తెప్పించుకోండి. ఏఎన్ఎంలకీ ఆశా కార్యకర్తలకీ ఈ తయారీ గురించి ఒక పూట శిక్షణ ఇప్పించండి. అమ్మకి ఐరన్ మాత్ర ఇచ్చిన ఏఎన్ఎమ్మే దాన్ని ఎప్పుడు ఆపాలో చెప్పగలిగేది, ఆవిడకి ఎవరైనా చెప్పి ఉంటే.

7. నవ్వకండి.

ఈ లేఖ చదివి "మా దగ్గర తెలుగు కాగితం ఎప్పటి నుంచో ఉంది" అనే యూనిట్లు ఉండొచ్చు. ఉంటే సంతోషం, దాన్ని గోడకి అంటించండి, పక్క ఆసుపత్రికీ ఇవ్వండి. ఇందులో పోటీ ఏముంది?

నేను రాసిన కాగితాన్ని మా వీధిలో ఇద్దరు జిరాక్స్ తీయించుకుని తీసుకెళ్ళారు, ఒకరు గాజువాక నుంచి వచ్చి మరీ అడిగారు. నాకు టెన్షన్‌గా ఉంది. నేను తాపీమేస్త్రి అక్కని, బట్టల షాపులో లెక్కలు రాస్తాను. నా చేతిరాత చూసి ఎవరో షుగర్ పేషెంట్ మందులు మార్చుకునే పరిస్థితి రాకూడదు. మీరు కూర్చుని సరైనది తయారుచేసి ఇచ్చిన రోజున నాది చింపేస్తాను. రెండు నెలలు చూస్తాను. అప్పటికీ ఏ జవాబూ రాకపోతే, మళ్ళీ అర్జీతో వస్తాను. ఈసారి నా వెంట అమ్మ కూడా వస్తుంది, అంబలి ఏమిటో తనే చెబుతానంటోంది.

అమ్మని మూడేళ్ళకి మళ్ళీ రమ్మన్నారు.

ఇట్లు,
చీపురుపల్లి వైపు ఊరి నుంచి వచ్చిన ఒక తల్లి కూతురు,
కంచరపాలెం, విశాఖపట్నం